రెండు లారీల నడుమ

ఫోను అతని అరచేతిలో పెట్టి, ఫోను మీద ఇంటి తాళాలు, తాళాల మీద చెవిపోగులు కూడా తీసి పెట్టి, "అమ్మ చేస్తే ఎత్తు నాన్నా, ఎత్తకపోతే బస్సెక్కి ఇక్కడికే వచ్చేస్తుంది," అని నవ్వి, హెల్మెట్ పెట్టుకుని బిల్యానా నడిచి వెళ్లిపోయింది. హెల్మెట్ పెట్టుకున్నాక మనిషి మనిషిలా ఉండదు. మొహం ఉండాల్సిన చోట నల్లటి అద్దం, ఆ అద్దంలో పోప్లర్ చెట్లు, మే నెల ఎండ, ఎండలో ఎగురుతున్న చెట్ల దూది, ఒక మూలన చిన్నగా తను. కూతురి మొహంలో తనే కనిపించేసరికి జెల్యాజ్కోకి అదేదో అపశకునంలా తోచి చూపు తిప్పుకున్నాడు. ఇరవై రెండేళ్ల పిల్ల. తండ్రి సంతకం అక్కర్లేదు, అనుమతీ అక్కర్లేదు. అయినా అడిగింది. చలికాలంలో ఒక ఆదివారం, చిక్కుడుగింజల సూపు ముందు పెట్టుకుని ముగ్గురూ కూర్చున్నప్పుడు, "నాన్నా, నేను మోటారుసైకిలు నేర్చుకుంటున్నా, నీకిష్టమేనా?" అంది. నేర్చుకుంటానంటే వద్దనొచ్చు, నేర్చుకుంటున్నానంటే ఏమంటాడు? భార్య స్నెజానా చెంచా గిన్నెలో వదిలేసి కిటికీ వైపు తిరిగింది. అతను రొట్టె తుంచాడు. తుంచిన ముక్కనే మళ్లీ మళ్లీ తుంచి, బల్ల మీద పొడి చేసి, "చలికాలం పోనీ," అన్నాడు. చలికాలం పోయింది. పోకుండా ఉండిపోతుందని ఎలా అనుకున్నాడో ఇప్పుడు అతనికే అర్థం కాలేదు. ఇవాళ లైసెన్సు పరీక్ష. ఈ ప్లోవ్‌దివ్ ఊరి చివర, ఇనప కంచె ఇవతల, చేతిలో కూతురి చెవిపోగులతో, పిల్ల తప్పాలని మనసులో మొక్కుకుంటూ ఒక తండ్రి.

కంచె లోపల తారు మీద తెల్ల గీతలు, నారింజ రంగు కోన్లు. కళ్లజోడు పెట్టుకున్న పరీక్షాధికారి కాగితాలు తిరగేస్తున్నాడు. ఇవతల బెంచీ మీద మాంచో కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరికి పొట్టు దోసిట్లోకి ఊస్తున్నాడు. బిల్యానాకి బండి నేర్పినవాడు అతనే. పెద్ద పొట్ట, ఎండకి ఎర్రబడ్డ బట్టతల, ఎవరినీ ఊరికే ఉండనివ్వని నోరు.

"కూర్చో జెల్యో అన్నా. నువ్వలా నిలబడితే చూసే నాకు చెమట పడుతోంది."

"బాగానే తోలుతుందా?"

"నీ కూతురా? కోన్ల మధ్య అది తోలుతుంటే పాము కూడా సిగ్గుపడాలి. ఎక్కడ నేర్చావే ఇదంతా అంటే, చిన్నప్పుడు ఫోన్లో అంది. ఇన్నేళ్లు నేర్పిన నేను ఇంటికెళ్లి టమాటాలు పెంచుకోవాలన్నమాట." ఒక గింజ కొరికాడు. "ఒక్కటే తిక్క. రోడ్డు మీద లారీ కనపడితే చాలు, దాని వెనకే ఉండిపోతుంది. దాటవే అని రేడియోలో గొంతు చించుకుంటా, చెవుల్లో పడనట్టే ఉంటుంది. లారీ డ్రైవరు కూతురు లారీని చూసి బెదరడమేంటన్నా? ఇంట్లో నిన్ను చూసి బెదరదే!"

"జాగ్రత్త మంచిదేగా."

"మంచిదే. ఆ కళ్లజోడాయన అలా అనుకోవాలిగా మరి."

లోపల బండి మొదలైంది. కోన్ల మధ్య అటు వాలి, ఇటు వాలి, కాలు కింద పెట్టకుండా, గీత తొక్కకుండా పోతోంది. ఆ వాలడం జెల్యాజ్కోకి తెలుసు. ఎక్కడ చూశాడు? రోడ్డు మీద కాదు. లారీలో చూశాడు, డ్రైవరు సీటు వెనక ఇరుకు పడక మీద, మోకాళ్లు పైకి పెట్టుకుని పడుకుని, ఫోను రెండు చేతుల్లో హ్యాండిల్ లాగా పట్టుకుని, ఫోను వాలిన వైపు తనూ వాలుతూ, నాలుక కొస పంటి కింద బిగపట్టిన పిల్ల. బడికి వేసవి సెలవులు ఇవ్వగానే బట్టలసంచితో వచ్చి లారీ ఎక్కేది. నల్ల సముద్రం దాకా, దాన్యూబ్ మీది వంతెన దాకా, ఎక్కడికి సరుకుంటే అక్కడికి. ఆ ఏళ్లలో అతని బిల్కాకి ఒకటే ఆట. హైవే, హైవే నిండా బండ్లు, వాటి మధ్యనించి మోటారుసైకిలు మీద దూసుకుపోవాలి. ఎంత వేగంగా పోతే అన్ని పాయింట్లు, ఎంత దగ్గరగా రాసుకుంటూ పోతే అన్ని పాయింట్లు. అద్దం ముందు నిజం హైవే పరుచుకుని ఉంటే పిల్ల తల దించుకుని అబద్ధం హైవే మీద పోయేది. ఆటలో లారీ వచ్చినప్పుడల్లా పడక ముందు వేలాడే తెర పక్కకి లాగి, "నాన్నా, చూడు, ఇది నువ్వు. దాటేశా. ఇదిగో, ఇదీ నువ్వే. మళ్లీ దాటేశా," అని అరిచేది. "హారన్ కొట్టనా?" అనేవాడు. "ఆటలో నీకు హారన్ లేదు," అనేది. అతనికి నవ్వొచ్చేది. తన బతుకులో అంత హాయిగా నవ్విన రోజులు ఇంకెక్కడా లేవని ఇప్పుడు అనిపిస్తోంది, కాని ఆ రోజుల మీద వెనక నుంచి ఒక నీడ వచ్చి పడింది కనక వాటిని తలుచుకోవడానిక్కూడా భయమే.

"అయిపోయింది," అని మాంచో లేచి పొట్టు దులుపుకున్నాడు. "ఇంక ఊళ్లోకి. ఇది ముందు, మేమిద్దరం కారులో వెనక. ఓ చుట్టు తిప్పి తెస్తాం. నువ్వు కాఫీ తాగు అన్నా, మొహం చూడు ఎలా ఉందో, పరీక్ష నీదేననుకుంటారు."

గేటు తెరుచుకుంది. బిల్యానా గేటు దగ్గర ఆగి, కుడివైపు ఒకసారి, ఎడమవైపు రెండుసార్లు చూసి, అతని వైపు మాత్రం చూడకుండా రోడ్డెక్కింది. వెనక కారు. తర్వాత గేటు దగ్గర దుమ్ము, దుమ్ములో చెట్ల దూది. మిషన్లోంచి కాఫీ పట్టుకుని వచ్చి బెంచీ మీద పెట్టుకున్నాడు. తాగలేదు. ఫోను మోగింది.

"మొదలెట్టిందా?" స్నెజానా.

"ఊళ్లోకి వెళ్లింది."

"పొద్దున చర్చికెళ్లి కొవ్వొత్తి వెలిగించా. పాసవ్వాలని మొక్కాలో, తప్పాలని మొక్కాలో నోటికి రాలేదు. దేనికో ఆయనకే తెలుసులే అని ఊరుకున్నా. నువ్వేం మొక్కుకున్నావు?"

"నేనేం మొక్కుకోలేదు."

"అబద్ధం," అని పెట్టేసింది.

ఫోను చేతిలో వెలుగుతూనే ఉంది. తాళం లేని ఫోను. పిల్ల దాచుకునేదేమీ లేదు కాబోలు, లేక తండ్రి చూడడని నమ్మకమో. బొమ్మల వరసలో మూలన ఒక బొమ్మ: ఎర్ర బండి, వంగిన మనిషి, వెనక లాగేసినట్టు గీతలు. ఇంకా ఉందా ఈ ఆట? ఇన్ని ఫోన్లు మారినా ఇది మారలేదా? దాన్ని ఏనాడూ ఆడలేదు అతను. దాన్ని విన్నాడంతే. ఆ ఇంజను చప్పుడు ఇప్పటికీ నిద్రలో వినిపిస్తే లేచి కూర్చుంటాడు. వేలు దాని మీద పెట్టాడు. పెట్టాక తీయలేదు.

ముందు రెండు చేతులు కనిపించాయి, నల్ల తొడుగులతో, హ్యాండిల్ పట్టుకుని. ఆ చేతులు తనవట. ముందు రోడ్డు, రోడ్డు మీద సాయంత్రపు ఎండ, కొండలు. తను కదిలించకుండానే బండి కదిలింది. ఇంజను చప్పుడు మొదలవగానే ఫోను పక్కన పెట్టేద్దామనుకున్నాడు, ఈలోగా ఒక కారు, కారు పక్కన ఇంకో కారు, ఎక్కడ వాలించాలో తెలిసేలోపు ఎదురుగా లారీ వెనక తలుపులు పెద్దవయ్యాయి, తెర నిండా తలుపులే అయ్యాయి. ధన్. బండి పడిపోయింది. మనిషి పడ్డాడో లేదో చూపించలేదు. ఇన్ని పాయింట్లు, ఇంత దూరం, ఇంకోసారి పోతావా అని అడిగింది. ఎంత సులువుగా అడిగింది! పోతానన్నాడు. మళ్లీ చేతులు, మళ్లీ ఎండ, మళ్లీ లారీ, ధన్. మూడోసారికి వేగం తగ్గించే మీట కనిపెట్టాడు. తగ్గించి, ఒక లారీ వెనక నెమ్మదిగా పోయాడు. ఆటకి అది నచ్చలేదు, పాయింట్లు ఆగిపోయాయి. నచ్చకపోతే పోనీ. లారీ పక్కకి వెళ్లాడు. డ్రైవరు కిటికీ దాకా వెళ్లి, ఆ వేగంతోనే పక్కపక్కన పోతూ, లోపలికి చూశాడు. కిటికీ నల్లగా ఉంది. స్టీరింగు లేదు, చెయ్యి లేదు, టోపీ లేదు, అద్దానికి వేలాడే శిలువ లేదు. ఎవరూ లేరు. ఇంకో లారీ దగ్గరికి వెళ్లాడు, దాన్లోనూ ఎవరూ లేరు. ఈ రోడ్డు మీద బండ్లన్నీ ఖాళీగా, తిన్నగా, ఎవరి వంకా చూడకుండా పోతున్నాయి. ఇదేనా నేను, ఇదీ నేనేనా బిల్కా? వీటిని చూసి నా పేరు పెట్టావా? అతనికి ఎందుకో కోపం వచ్చింది, ఆట మీదో, ఆట చేసినవాడి మీదో. లోపల మనిషి ఉంటాడురా. కాలు నొప్పెడుతుంటుంది వాడికి, ఆకలేస్తుంటుంది, వెనక పడక మీద కూతురు పడుకుని ఉంటుంది, లారీ నిండా ఖాళీ గాజు సీసాలు ఉంటాయి.

సీసాలు. ఊరగాయలు పెట్టుకునే గాజు సీసాలు, వేల సీసాలు, జులై ఎండలో ఫ్యాక్టరీకి తీసుకుపోతున్నాడు. ఇంకో నెలలో దేశంలో ప్రతి ఇంట్లోనూ మిరపకాయలు కాలుస్తారు, టమాటాలు ఉడికిస్తారు, సీసాలు కావాలి. బ్రేకు కొట్టినప్పుడల్లా వెనక సన్నగా మోత, చర్చిలో చిన్న గంటలన్నీ ఒక్కసారి కదిలినట్టు. ముందు రోడ్డు పనులు జరుగుతున్నాయి, బండ్లన్నీ నత్తలా నడుస్తున్నాయి. కుడి వరసలో తను, ఎడమ వరసలో, కాస్త వెనగ్గా, వేరే దేశపు నంబరు పలకతో ఇంకో లారీ. ఎడమ అద్దంలో ఒక దీపం కనిపించింది. ఒంటి దీపం. రెండు లారీల నడుమ సందులోంచి వస్తోంది. వస్తారు, రోజూ వస్తారు, అందులో వింతేమీ లేదు. అతను స్టీరింగు గట్టిగా పట్టుకుని, వచ్చేవాడికి వీలుగా ఇంకో అరచెయ్యంత కుడికి జరిగాడు. అలా జరిగిన మాట కోర్టులో కూడా తేలింది, రోడ్డు మీద టైరు గుర్తులు చూసి తేల్చారు, జరిగాడు కనక నువ్వు నిర్దోషివి అన్నారు. పక్క లారీవాడు ముందేం జరుగుతోందో చూద్దామని ఇటు మొగ్గాడు. అంతే, ఇంకేం లేదు. మొగ్గి, మళ్లీ సర్దుకున్నాడు. ఆ మొగ్గడానికీ సర్దుకోవడానికీ మధ్య దీపం అద్దంలోంచి కిందికి జారిపోయింది. సీసాలు మోగాయి. ఒక్క సీసా కూడా పగల్లేదు, తర్వాత ఫ్యాక్టరీలో దింపినవాళ్లు చెప్పారు, ఒక్కటి కూడా. పక్క లారీవాడికి శిక్ష పడింది. కాని చక్రం మాత్రం జెల్యాజ్కోదే.

తలుపు తీస్తూ వెనక్కి తిరగకుండానే అరిచాడు. "బిల్కా, తలెత్తకు. ఎవరేం చేసినా తలెత్తకు." కిందికి దూకాడు. కుర్రాడు ట్రెయిలరు వెనక చక్రాల దగ్గర వెల్లకిలా పడి ఉన్నాడు, నడుం కింద ఏముందో జెల్యాజ్కో చూడదలుచుకోలేదు, చూశాడు. తారు మండిపోతోంది. పక్కన కూర్చుని, కుర్రాడి మొహానికి తన నీడ పడేలా సర్దుకున్నాడు. హెల్మెట్ అద్దం పైకెత్తాడు. ఇంకా మీసం సరిగ్గా రాని మొహం. కళ్లు తెరిచే ఉన్నాయి. వాటిలో నొప్పి లేదు, ఆశ్చర్యం ఉంది, అంతకంటే ఎక్కువగా మొహమాటం, ఎవరింట్లోనో కప్పు జార్చి పగలగొట్టినవాడి మొహమాటం. "బాబాయ్," అన్నాడు, "మీ బండికేమన్నా అయిందా?" లేదురా నాయనా, ఏం కాలేదు, పడుకో, కదలకు. "సారీ బాబాయ్," అన్నాడు. ఆ తర్వాత ఏమీ అనలేదు. చెయ్యి మాత్రం వదల్లేదు, అంబులెన్సువాళ్లు వచ్చి వేళ్లు ఒక్కొక్కటిగా విడదీసేదాకా వదల్లేదు. స్విలెన్ అతని పేరు. పేరు తర్వాత తెలిసింది. అప్పటికింకా పేరు లేదు, పట్టుకున్న చెయ్యి మాత్రమే ఉంది, పైన, తెరిచి ఉన్న లారీ తలుపులోంచి, సన్నగా, ఆగకుండా, మోటారుసైకిలు ఆట చప్పుడు వినిపిస్తూ ఉంది. పోలీసులు వచ్చారు, కొలతలు తీసుకున్నారు, తాగాడేమోనని గొట్టంలోకి ఊదమన్నారు, ఆ చప్పుడు ఆగలేదు. పిల్ల చూడలేదు, దేవుడి దయవల్ల ఆటలో పడి ఏమీ చూడలేదు. ఇన్నేళ్లుగా ఆ ఒక్క సంగతి పట్టుకునే అతను బతికాడు. ముందు ఏదో ప్రమాదం జరిగింది తల్లీ, అందుకే ఆగాం, అని చెప్పాడు. ఊఁ అంది. ఆ వేసవి తర్వాత మళ్లీ లారీ ఎక్కలేదు. పెద్దదవుతోంది కదా, స్నేహితులు ఉంటారు కదా అనుకున్నారు, తనూ స్నెజానా.

కాఫీ కప్పులో దూది పడి తేలుతోంది. కోర్టు వరండాలో కూడా ఇలాంటి కాఫీయే, ఇలాంటి కాగితం కప్పే. కుర్రాడి తల్లి దోన్కా నల్ల బట్టలతో ఎదురుగా వచ్చి నిలబడింది. కొడుతుందనుకున్నాడు, కొడితే బాగుండుననుకున్నాడు. ఆమె అతని కోటు గుండీ పట్టుకుని, "ఏమన్నా అన్నాడా?" అని అడిగింది. చెప్పాడు. మీ బండికేమన్నా అయిందా అన్నాడమ్మా, సారీ అన్నాడు. ఆమె మొహం ఒక్క క్షణం వెలిగింది, నిజంగా నవ్వింది. "చిన్నప్పట్నుంచీ అంతే, కుర్చీ తగిలితే కుర్చీకి సారీ చెప్పేవాడు," అంది. తర్వాత గుండీ వదలకుండానే నేల మీదికి జారిపోయింది, ఎవరో వచ్చి పట్టుకున్నారు. ఏటా జులైలో, హైవే పక్కన లారీలు ఆగే చోట స్తంభాల మీద కుర్రాడి ఫోటోతో సంస్మరణ కాగితం అంటిస్తుంది ఆమె. ఫోటో కింద, నిన్ను మరిచిపోలేదు, అమ్మ, అని రాసి ఉంటుంది. జెల్యాజ్కో అక్కడ ఆగకుండా పోలేడు, ఆగి చూడనూలేడు. ఆమె ఏనాడూ తిట్టలేదు. అందుకని తిట్టాల్సినదంతా తనే కుర్రాడిని తిట్టేవాడు, లోలోపల, ఒంటరిగా తోలుతూ. ఎందుకొచ్చావురా అక్కడికి? ఏం కొంపలు మునిగాయని? వెనకాల ఉండొచ్చుగా, నీకు బుద్ధి లేదా, మీ అమ్మ గుర్తు రాలేదా? చచ్చిపోయి నా చేతికి నీ చెయ్యి తగిలించి పోయావు. దారిలో దాటిపోయిన ప్రతి మోటారుసైకిలువాణ్ణీ అదే తిట్టు. ఒకరోజు సొంత కూతురు అదే బండి ఎక్కుతానంటే ఆ తిట్టు గొంతు దాకా వచ్చి, సూపు గిన్నె ముందు, రొట్టె పొడిగా రాలిపోయింది.

ఫోను తెర మీద లారీ ఇంకా తన పక్కనే పోతోంది, అలిసిపోకుండా. జెల్యాజ్కో బండిని దాని వెనక్కి తెచ్చాడు. ముందు, ఎడమ వరసలో ఇంకో లారీ కనిపించింది. రెండూ కాస్త ముందూ వెనకలుగా. రెంటి నడుమ సందు. ఆ సందు చివర రోడ్డు ఖాళీగా ఉంది, దాని మీద ఎండ పరుచుకుని ఉంది, ఎంత ఎండ! పైన లారీలో కూర్చుని అద్దంలోంచి చూస్తే సందు దారం లాగా ఉంటుంది. ఇక్కడినుంచి అలా లేదు. ఇక్కడినుంచి అది తలుపు తెరిచిన గదిలా ఉంది. కావలసినంత చోటుంది. మనిషి పడతాడు, బండి పడుతుంది, ఇంకా మిగులుతుంది. అతను వేగం పెంచలేదు, తగ్గించలేదు, ఫోను తిన్నగా పట్టుకున్నాడు, రెండు పక్కలా గోడల్లా లారీలు, గాలి చప్పుడు మారింది, ఒక చక్రం, ఇంకో చక్రం, కిటికీ, ఎండ. దాటేశాడు. తెర మీద పాయింట్లు పచ్చగా మెరిసి ఆరిపోయాయి. అతను వాటిని చూడలేదు. చోటుంది కదా, అనుకున్నాడు. చోటుందిరా స్విలెన్. నువ్వు సరిగ్గానే చూశావు. నేను జరిగి ఇచ్చాను కూడా, నువ్వు చూసే ఉంటావు, మంచివాడు బాబాయ్ అనుకునే ఉంటావు. తెలివి తక్కువతనం కాదు, పొగరు కాదు, బుద్ధి లేక కాదు. పక్కవాడు మొగ్గాడు. అంతే. ఇన్నేళ్లు నిన్ను తిట్టాను. ఆట ముందుకి పోతూనే ఉంది, ఎవరూ వాలించకపోయేసరికి ఎక్కడో దేనికో గుద్దుకుని ఆగింది. అతను ఫోను ఒళ్లో బోర్లా పెట్టి రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. చేతులు తడిశాయి.

గేటు చప్పుడైంది. ముందు కారు వచ్చింది. వెనక మోటారుసైకిలు, దాని మీద మాంచో, తలకి సరిపోని హెల్మెట్‌తో. బిల్యానా కారు వెనక సీట్లోంచి దిగింది. అర్థమైపోయింది. అతనికి మొదట కలిగింది సంతోషమే, దాన్ని కాదనడానికి లేదు, గుండెల మీంచి బస్తా దింపినట్టయింది, కొవ్వొత్తి పనిచేసింది అనుకున్నాడు. ఆ సంతోషం కూతురు బెంచీ దాకా నడిచి వచ్చేంతసేపు కూడా నిలవలేదు. హెల్మెట్ చంకలో ఉంది. మొహం సున్నం కొట్టినట్టుంది. కూర్చుంది. అతను చెవిపోగులు ఇవ్వబోయాడు, తీసుకోలేదు.

మాంచో దూరం నుంచే చేతులు విసిరాడు. "లారీ! రింగురోడ్డు మీద లారీ పక్కకొచ్చింది, మేడం గారు బండి ఓరన ఆపేసి దిగిపోయింది. ఎక్కమంటే ఎక్కదు. కారణం లేకుండా ఆపింది, తప్పావు అని రాసేశాడాయన. నేనేం చెప్పను అన్నా, నా నోరే పడిపోయింది," అని అక్కడితో ఆగి, ఇద్దరి మొహాలూ చూసి, తల గోక్కుంటూ బండి వైపు వెళ్లిపోయాడు.

"వెనక చక్రం," అంది బిల్యానా. తారు వంక చూస్తోంది. "నా మోకాలి పక్కన తిరుగుతోంది నాన్నా. అదే చక్రం."

"అదే అంటే?"

"నీ అద్దంలో కనిపించిందే."

చెట్ల దూది వచ్చి పిల్ల జుట్టు మీద వాలింది. తియ్యబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వు చూడలేదు," అన్నాడు. "తలెత్తొద్దన్నాను."

"ఎత్తలేదు. నువ్వు ఆ మాట అనేలోపే చూసేశా. పడక తెర సందులోంచి అద్దం కనపడుతుంది నాన్నా, పడుకుంటే ఇంకా బాగా కనపడుతుంది. దీపం వస్తోంది, బలే ఉంది అనుకున్నా. నీతో అందామనుకున్నా, అదిగో నన్ను దాటిపోతున్నట్టే నిన్ను దాటిపోతున్నాడు అని."

"మరి ఆట ఆపలేదే. నాకు వినపడుతూనే ఉంది."

"ఆపితే నువ్వు నన్ను చూడ్డానికి వస్తావు. వస్తే నా మొహం చూస్తావు." ముక్కు చేత్తో తుడుచుకుంది. "నువ్వు వాడి చెయ్యి పట్టుకుని ఉన్నావు కదా, అద్దంలో చూశా. వదిలేసి వస్తావని."

పదమూడేళ్ల పిల్ల. పడక మీద తల దించుకుని, కన్నీళ్లు తెర మీద పడుతుంటే తుడుచుకుంటూ, పడిపోయినా మళ్లీ లేపి నడుపుతూ, పోలీసులు వెళ్లేదాకా, తండ్రి చెయ్యి ఒకరి చేతిలోంచి ఊడకుండా కాపలా కాసింది. తను దాన్ని కాపాడాననుకుని ఇన్నేళ్లు లారీ తోలాడు.

"నేను చూడలేదనే అనుకున్నా తల్లీ."

"అనుకోవాలనే కదా."

"అమ్మకి తెలుసా?"

"ఎవరికీ తెలీదు." అప్పుడు ఏడ్చింది. చప్పుడు చేయకుండా, భుజాలు మాత్రం కదులుతూ. అతను ఈసారి చెయ్యి వెనక్కి తీసుకోలేదు, తోలు కోటు మీదుగా భుజం చుట్టూ వేశాడు. "బండెక్కితే భయం ఉండదు నాన్నా, నిజం. ఇంకెక్కడైనా ఉంటుంది, బస్సులో కూడా ఉంటుంది, బండి మీద ఉండదు. లారీ పక్కకి రానంతసేపు. వస్తే మాత్రం నా చేతులు నావి కావు."

వదిలేయవే తల్లీ. ఈ మాట నాలుక మీదికి వచ్చింది. ఇంతకంటే సులువైన మాట లేదు, ఇప్పుడంటే వింటుంది, అలిసిపోయి ఉంది, ఊఁ అంటుంది, హెల్మెట్ మాంచోకి ఇచ్చేసి ఇంటికి వచ్చేస్తుంది. స్నెజానా పొరల రొట్టె బనిత్సా చేసి పెట్టి ఉంటుంది, వెన్న కరిగిన వాసన మెట్ల దాకా వస్తుంది, ముగ్గురూ తింటారు, ఎవరూ ఏమీ అనరు. తర్వాత ప్రతి బస్సులోనూ, ప్రతి రోడ్డు పక్కనా, ఎక్కడ పెద్ద చక్రం తిరిగినా ఈ పిల్ల తల దించుకుని, లోపల ఆట ఆడుకుంటూ ఉంటుంది. అతను ఆ మాట మింగేశాడు.

"ఈ ఆదివారం బండి ఖాళీగానే ఉంటుంది," అన్నాడు.

"ఏ బండి?"

"నాది. యజమానిని అడుగుతా. మామ్మ ఊరి అవతల, చేలకి మందు చల్లే విమానాలు దిగేవి చూడు, ఆ సిమెంటు పట్టీ ఉంది. మనిషుండడు అక్కడ. నేను లారీ తోలతా. నువ్వు పక్కనుంచి రా."

ఆమె తల తిప్పి అతని మొహంలోకి చూసింది, పరాచికమాడుతున్నాడేమోనని. "నువ్వా? నువ్వు తోలగలవా, నేను పక్కనుంటే?"

"తెలీదు," అన్నాడు. "నా చేతులు నావవునో కాదో నేనూ చూసుకోవాలి."

మాంచో అక్కడినుంచే అంతా విన్నట్టున్నాడు. "బండి నేనిస్తా," అని అరిచాడు. "గీత పడిందో, తండ్రీకూతుళ్ల చేత రంగేయిస్తా, గుర్తుంచుకోండి!"

ఆదివారం గాలి లేదు. సిమెంటు పగుళ్లలోంచి గసగసాల మొక్కలు లేచి ఎర్రగా పూశాయి. ఖాళీ ట్రెయిలరు తగిలించిన లారీని జెల్యాజ్కో పట్టీ కుడి అంచున నిలబెట్టి, కిటికీ పూర్తిగా దించి, బయల్దేరాడు. మనిషి పరుగు కంటే కాస్త ఎక్కువ వేగం. అద్దంలో దీపం కనిపించగానే వీపంతా చెమట పట్టింది. దీపం దగ్గరికొచ్చింది, ట్రెయిలరు చివరి దాకా వచ్చి, వెనక్కి పోయింది. పట్టీ చివర తిరిగి, మళ్లీ మొదలు. మళ్లీ వెనక్కి పోయింది. అతను చెయ్యి కూడా ఊపలేదు. ఎన్నోసారో, దీపం వెనక్కి పోలేదు. చక్రాల పక్కకి వచ్చి, అక్కడే, అదే వేగంతో ఉండిపోయింది. అతని కాలు బ్రేకు మీదికి పోబోయింది. వద్దు. బ్రేకు వేస్తే బెదురుతుంది. తిన్నగా, తిన్నగా పో. అద్దంలో ఆమె హెల్మెట్ కిందికి వంగి చక్రాన్ని చూస్తోంది, తప్పించుకోకుండా, చూడాల్సినంతసేపూ చూస్తోంది. పట్టీ అయిపోవస్తోంది. అప్పుడు తల ఎత్తింది. ఇంజను చప్పుడు పెరిగింది, కిటికీ పక్క గాలి కదిలింది, ఒక ఎర్రటి మెరుపు అతని మోచేతి కింద నుంచి ముందుకి పోయింది.

లారీ ఆపి కూర్చున్నాడు. దిగలేదు. బిల్యానా తిరిగి వచ్చి కిటికీ కింద ఆగి, హెల్మెట్ అద్దం పైకెత్తింది. మొహమంతా చెమట, కళ్లెర్రగా ఉన్నాయి.

"నాన్నా," అంది, రొప్పుతూ. "ఇంకొంచెం వేగంగా తోలు."

జెల్యాజ్కో గేరు మార్చాడు.